పరుపు కింద చాప

"చాప జాగ్రత్త అత్తా" అంది ఫువాతినో, రేవుకు వెళ్ళే బస్సెక్కుతూ.

"చేపేగా, చూసుకుంటాలే, పోయిరా" అంది మోలి అత్త.

మోలి అత్తకు చెవులు రెండున్నా పనిచేసేది అరచెవి. ఆ రోజంతా వంటపాకలో వేలాడదీసిన చేప ముందు కర్ర పట్టుకుని కూర్చుంది. పిల్లి వస్తే "ఇది ఫువాతినోది, ఫో" అని గద్దించింది. చేపకు కాపలా కుదిరింది. చాపకే కుదరలేదు.

అది కింద పరుచుకునే చాప కాదు. మొగలి ఆకును సముద్రపు నీళ్ళలో నానబెట్టి, ఎండలో తెల్లబరిచి, దారంలా చీల్చి, ఏళ్ళ తరబడి అల్లింది. మడత పెడితే పట్టుగుడ్డలా జారిపోతుంది. ఫువాతినో చాప అల్లుతుంటే కళ్ళలో శుక్లాలు వాటంతట అవే అల్లుకున్నాయి. పట్నం అపియాలో దుకాణం నడిపే సెలినా శనివారం వచ్చి కొనుక్కుపోతానంది. ఆ డబ్బుతో కంటి ఆపరేషన్. కళ్ళు బాగుపడితేనే ఇంకో చాప. విధవరాలికి ఉన్న బతుకుతెరువు అదొక్కటే. ఆపరేషన్‌కు రోజు ఖాయం చేసుకోవడానికే పట్నం వెళ్ళింది. ముడతలు పోవాలని, ఊళ్ళో అందరిలాగే చాపను పరుపు కింద పరిచి వెళ్ళింది.

ఆమె అటు వెళ్ళగానే ఇటు కుటుంబ పెద్ద ఫాయితువా పోయాడు. కబురు అందగానే ఇంటింటా పరుపులు లేచాయి. పెద్ద పోతే పరామర్శకు వచ్చిన చుట్టాలకు మేలైన చాపలు కానుకివ్వాలి; అప్పుడు ఏ పరుపు కింద చాపైనా కుటుంబానిదే. ఫువాతినో తమ్ముడి భార్య పేపే, వదిన పరుపెత్తి చూసి పొంగిపోయింది.

"మా వదినకి ఎంత ముందుచూపు" అంది. చూపు సన్నగిల్లిన మనిషి గురించి ఆ మాట.

శనివారం ఫువాతినో బస్సు దిగేసరికి ఇంటి ముందు చుట్టాలు బారులు తీరి కూర్చున్నారు. పేపే ఎదురొచ్చి చాప కొస ఒకటి చేతికిచ్చింది.

"ఫాయితువా పోయాడు, పట్టుకో వదినా. అల్లిన చెయ్యే మొయ్యాలి."

కంటికి తెల్లటి మసకే గాని వేళ్ళు గుర్తుపట్టాయి. ఎన్నిసార్లో విప్పి అల్లిన అంచు అది. అతిథుల ముందు విప్పిన చాపను మళ్ళీ మడిచి ఇంట్లో పెట్టుకున్న కుటుంబం ఎక్కడా లేదు. ఆడవాళ్ళంతా గొంతెత్తి మెచ్చుకుంటుంటే ఫువాతినో నవ్వు మొహంతో ఆ చివరిదాకా మోసింది. అతిథుల్లో పెద్దాయన దాన్ని మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు.

పంపకాల్లో ఆమెకు ఒక ముతక చాప, ఒక పెట్టెడు డబ్బా చేపలు వచ్చాయి.

అప్పుడాగింది సెలినా వ్యాను. "చాప ఏదమ్మా?"

పేపే మొహం పాలిపోయింది. "అమ్మకానికా వదినా? ఒక్క మాట చెప్పకూడదా?"

"చెప్పింది" అంది మోలి అత్త, కర్ర కింద పెడుతూ. "నాకు చేప అని వినబడింది. పొద్దస్తమానం చేపకి కాపలా కాశాను."

ఎవరో ఫక్కున నవ్వారు. అంతలోనే ఆపుకున్నారు.

"నీకు సరిగ్గా వినబడినా అంతే అత్తా" అంది ఫువాతినో. "నేను ఇంట్లో ఉంటే నా చేత్తోనే పరుపెత్తి ఇచ్చేదాన్ని. ఉత్తచేతులతో ఎలా సాగనంపుతాం ఆయన్ని?"

సెలినా వ్యాను వైపు తిరిగింది. "పోనీ, ఇంకొకటి మొదలుపెట్టు. వచ్చి పట్టుకెళ్తాను."

ఫువాతినో చూరులో దోపిన మొగలి చీలికల కోసం తడిమింది. ఒకటి చేతికొచ్చింది. కంటికి ఆనించి చూసింది. తర్వాత దాన్ని పేపే చేతిలో పెట్టింది.

"ఇది తెల్లబడిందా, ఇంకా పచ్చగానే ఉందా?" అని అడిగింది.