కంట్రోల్ కీ మీద జిగురు

కొత్త కంప్యూటర్ మళ్ళీ మౌస్‌ని మింగేసింది.

అమ్మడు మౌస్‌ని బల్ల చివరిదాకా లాగింది. స్క్రీన్ మధ్యలో ఉన్న విండో దాటి బాణం గుర్తు బయటికి రాలేదు. గాజు తలుపుకు కొట్టుకున్న ఈగలా అంచు దగ్గరే ఆగిపోయింది.

ఆ విండో ఒక వర్చువల్ మెషిన్. కొత్త కంప్యూటర్ కడుపులో నడిచే పాత కంప్యూటర్ అన్నమాట. బూట్ల నమూనాలు గీసే పాత ప్రోగ్రాం కొత్తదాంట్లో నడవనని మొండికేస్తే ఈ ఏర్పాటు చేసుకున్నారు. పోయిన నాన్న గీసిన నమూనాలన్నీ అందులోనే ఉన్నాయి.

"ఇరుక్కుందా?" అన్నాడు బాబాయి, తోలు మీద కత్తి ఆపకుండా. "నువ్వంటే దానికి పడదు అమ్మడూ. మొన్న తిట్టావుగా."

"మీకు నవ్వులాటగా ఉంది బాబాయ్. నాకిక్కడ తల తిరిగిపోతోంది."

ఆమె చెయ్యని ప్రయత్నం లేదు. మౌస్ మార్చింది. వైరు ఇంకో పోర్టులో పెట్టింది. లోపలి కంప్యూటర్‌లో మౌస్ సాఫ్ట్‌వేర్ తీసి మళ్ళీ వేసింది. చివరికి మెనూలో 'మౌస్ ఇంటిగ్రేషన్' అన్నచోట టిక్కు లేదని కనిపెట్టింది. టిక్కుంటే బాణం లోపలికీ బయటికీ తన ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంది. లేకపోతే, కుడివైపు కంట్రోల్ కీ నొక్కేదాకా లోపలే బందీ. టిక్కు పెట్టింది. మర్నాడు చూస్తే లేదు. మళ్ళీ పెట్టింది. మళ్ళీ మాయం.

ఇవాళ ఆ కీ నొక్కబోయి ఆగిపోయింది. దాని మీద ఎండిన జిగురు, వేలిముద్రతో సహా. బూట్ల అడుగులు అంటించే జిగురు. ఈ గదిలో దాన్ని ముట్టుకునేది ఒక్కరే.

తనకు కత్తి పట్టుకోవడం నేర్పిన మనిషిని నిలదీయడానికి నోరు రాలేదు. పైగా లెక్క కుదరడం లేదు. కొత్త ప్రోగ్రాం కొందామంటే, పాతదానికేం తక్కువని అడ్డుపడేది ఆయనే. అలాంటివాడు పాతదాన్ని ఎందుకు చెడగొడతాడు?

"విసుగొచ్చింది బాబాయ్. సాయంత్రం ఈ పాతదాన్ని తీసిపారేస్తా."

కత్తి ఆగింది.

"అన్నయ్య గీసినవి?"

"పోతాయి. మళ్ళీ మొదటినుంచి గీసుకుందాం."

బాబాయి లేచి వచ్చాడు. స్క్రీన్ వైపు చూడలేదు. కుర్చీ వెనక నిలబడి, చేతి జిగురు గోటితో గీక్కున్నాడు.

"తీసెయ్యకు అమ్మడూ. దానికే రోగమూ లేదు. టిక్కు తీస్తున్నది నేనే. నువ్వు రాకముందే వచ్చి, అన్నయ్య నమూనాలు చూసుకోవడానికి తీస్తాను. నాకు చూపు తగ్గింది. తోలు మీద గీతైతే వేలికి తగులుతుంది, కోసేస్తాను. ఈ బాణాన్ని ఎక్కడని తడుముకోను? ఇంత పెద్ద స్క్రీన్‌లోకి అది జారిపోయిందంటే ఇక నాకు దొరకదు. ఆ చిన్న విండోలో బంధించి పెట్టుకుంటే ఎలాగోలా దొరుకుతుంది. నువ్వొచ్చేలోపు టిక్కు పెట్టేద్దామనే అనుకుంటాను, ఆ మెనూ కూడా నాకు సరిగ్గా కనపడి చావదు, తియ్యడానికే అరగంట పడుతుంది. నువ్వు మౌస్ మార్చావు, వైరు మార్చావు. మార్చాల్సింది నన్నేనని నీకు తెలిసిపోతుందని భయపడ్డాను."