గట్టు మీంచి కనబడేది నేనే

“దీని పట్టీలు ఊడిపోతేనో? నీళ్ళల్లో పడ్డాక ఊడిపోతే ఎవరు చూస్తారే?”

నేను ఒక లైఫ్ జాకెట్‌ని. ఆ మాట అన్నది పెద్దింట్లు. అప్పటికి ఏమీ జరగలేదు. పడవ గట్టుకే కట్టి ఉంది. కూతురు జలజ ఇంకా టీ తాగుతోంది. అయినా నాకు ఆమె మాట అతి అనిపించలేదు. నా పుట్టుకే అలాంటిది. మనిషి మునుగుతాడని ముందే అనుకుని కుట్టిన వస్తువును నేను. ఏమీ కాదులే అనుకునేవాళ్ళకు నాతో పనేముంది?

నన్ను కుట్టింది ఒక పట్నం శివార్లలో, రేకుల షెడ్డులో. ముందు రెండు, వెనక ఒకటి, మూడు ఫోము పలకలు. వాటి మీద ఆరంజి గుడ్డ. నల్ల పట్టీలు, వాటికి ప్లాస్టిక్ క్లిప్పులు. కుట్టినావిడ ఒక్కో పట్టీ చివర మూడుసార్లు మిషన్ తిప్పింది. ఆవిడ ఎప్పుడైనా పడవ ఎక్కిందో లేదో నాకు తెలియదు. ఆ రంగు ఎందుకంటే, నీళ్ళలో ఎంత దూరాన ఉన్నా మనిషి కంటబడాలని. నా బతుకంతా ఆ రంగుతోనే వచ్చింది తంటా.

మొదట నన్ను ఒక జలాశయం మీద షికారు బోటులో పెట్టారు. అక్కడ జనం ఫోటో కోసం నన్ను తొడుక్కునేవారు. ఫోటో అవగానే ఉక్కపోస్తోందని విప్పి, కింద వేసుకుని కూర్చునేవారు. నన్ను వేసుకున్నవాళ్ళకంటే నా మీద కూర్చున్నవాళ్ళే ఎక్కువ. నా జేబులో తాడుకు కట్టిన ఈల ఒకటి ఉండేది. ఆపదొస్తే ఊదడానికి. మనవరాలు ఆడుకుంటుందని ఒక పెద్దమనిషి దాన్ని తెంపుకుపోయాడు. ముఖం చూస్తే దొంగలా కూడా లేడు.

రెండేళ్ళకు ఆ బోట్లు ఆగిపోయాయి. మాలో పదకొండింటిని మూటగట్టి కొల్లేటి ఒడ్డున ఒక పక్షుల కేంద్రానికి పంపారు. చలికాలం వస్తే అక్కడికి గూడబాతులు వస్తాయి. ముక్కు కింద సంచీ వేలాడే పెద్ద తెల్ల పక్షులు. నీళ్ళ మధ్య పాతిన ఇనుప స్టాండ్ల మీద పుల్లలు పేర్చి గూళ్ళు కట్టుకుంటాయి. వాటిని చూడటానికి జనం చీకటితోనే లేచి, మెడలో బైనాక్యులర్లు తగిలించుకుని వస్తారు. తీరా చూశాక, “ఇవేనా? ఇంకేం లేవా?” అంటారు.

పెద్దింట్లు ఆ కేంద్రంలో ఊడుస్తుంది, వంట చేస్తుంది, మమ్మల్ని ఉతికి ఆరేస్తుంది. మెట్ట ఊరి నుంచి కొల్లేటి ఇంటికి కోడలుగా వచ్చిన మనిషి. పాతికేళ్ళయినా నీళ్ళంటే భయం పోలేదు. ఆమెకు ఇంతవరకు చెడు ఏదీ జరగలేదు. అదే ఆమె దిగులు. ఇన్నాళ్ళు జరగలేదంటే ఇక జరగబోతుందని.

కూతురికి జలజ అని పేరు పెట్టింది తండ్రి. “పేరులోనే నీళ్ళు పోశాడు” అని పెద్దింట్లు ఇప్పటికీ సణుగుతుంది. ఆ జలజ డిగ్రీ చదివి, చలికాలం నాలుగు నెలలూ పక్షుల్ని లెక్కపెట్టే పనిలో చేరింది. చిన్న దోనె, దాన్ని నెట్టే గెడ, పుస్తకం, పెన్సిలు. ఒక్కతే వెళ్తుంది. ఇద్దరు వెళ్తే మాటలొస్తాయి, మాటలొస్తే పక్షులు లేస్తాయి.

ఆ సంగతి తెలిసిన రోజున పెద్దింట్లు మా పదకొండింటినీ పెరట్లోకి తెచ్చి, ఒక్కోదానికి సన్నికల్లు పొత్రం కట్టి సిమెంటు తొట్టిలో వదిలింది. అన్నీ తేలాయి. నేను అందరికంటే వేలెడు పైకి తేలానట. నన్ను పక్కకు తీసింది. లోపలివైపు తెల్లగుడ్డ ముక్క ఒకటి కుట్టింది. దాని మీద ఎర్రదారంతో అక్షరాలు: ‘ఈ పిల్ల దొరికితే ఈ నంబరుకు చెప్పండి.’

జలజ చదివి, “దొరకడమేంటే, నేనేమన్నా తప్పిపోయిన మేకనా?” అంది.

“మేకైతే ఇంత బాధ లేదు. అది నీళ్ళల్లోకి పోదు.” తర్వాత నా క్లిప్పులు ఒక్కొక్కటే తనే బిగించి, “ఇది ఒంటి మీద లేకుండా నీళ్ళమీదికెళ్ళావని నాకు తెలిసిన రోజు ఈ పని ఆఖరు. మీ నాన్నొచ్చి చెప్పినా వినను” అంది.

జలజ తలూపింది. కానీ గట్టు దాటి అరకిలోమీటరు వెళ్ళేసరికి ఆమెకు ఒక సంగతి అర్థమైంది. నా రంగు మనిషికి ఎంత దూరం కనబడుతుందో పక్షికీ అంతే కనబడుతుంది. మేము స్టాండ్ల దగ్గరికి వెళ్ళగానే గూడబాతులు మెడలు చాచి, ఒకటి తర్వాత ఒకటి లేచిపోయాయి. గూళ్ళలో ఈకలు రాని పిల్లలు మిగిలాయి. వాటికోసం కాకులు వచ్చాయి. రెండు పిల్లల్ని తన్నుకుపోయాయి. ఆ రోజు జలజ లెక్క రాయలేదు. మర్నాడు, స్టాండ్లకు ఇవతల పాత వలకర్ర ఒకటి నీళ్ళలో నిలబడి ఉంటే, నన్ను విప్పి దానికి తగిలించింది. మట్టిరంగు చొక్కాతో కిక్కిస గడ్డి పక్కనుంచి లోపలికి జారింది. ఒక్క పక్షీ లేవలేదు.

అదే అలవాటైంది. ఆమె లోపల, నేను కర్ర మీద. పని అయ్యాక వచ్చి మళ్ళీ తొడుక్కునేది.

గట్టు మీద పెద్దింట్లు గిన్నెలు తోముతూ మధ్యమధ్య తలెత్తి చూసేది. దూరంగా ఆరంజి చుక్క. ఉంది. మళ్ళీ తోముకునేది. మూడు చలికాలాలు ఆమె ధైర్యంగా ఉన్నది ఆ చుక్కను చూసుకునే. ఆమె చూసింది కూతుర్ని కాదు, నన్ను. మనుషులకు దూరం నుంచి ఏది కనబడితే అదే తమ మనిషి. నేను చెప్పగలిగితే ఎప్పుడో చెప్పేదాన్ని.

ఈ ఏడు జనవరిలో గూళ్ళ లెక్క రెండు రోజులు పెట్టారు. మొదటిరోజు తెల్లవారి మంచు పట్టింది. జలజ నన్ను కర్రకు తగిలించి లోపలికి వెళ్ళేసరికి నాకు ఆమె వీపు కూడా కనబడలేదు. తొమ్మిదింటికి తూర్పుగాలి లేచింది. మంచు విడుతుంటే కర్ర ఊగింది. నేను జారి నీళ్ళలో పడ్డాను.

పడితే ఏముంది, తేలాను. తేలడం నా పని. కానీ ముఖం కిందికి పెట్టిన మనిషిలా, వీపు పైకి పెట్టి తేలాను. గాలి నన్ను మెల్లగా గట్టువైపు నెట్టింది. మొదటిసారి నా రంగును చూసి నేనే భయపడ్డాను. గట్టు మీద ఏమనుకుంటారో నాకు తెలుసు. పైగా జలజ వెళ్ళి చాలాసేపైంది. లోపల ఏమైందో నాకూ తెలియదు. నేను ఆమె ఒంటి మీద లేనుగా.

గెడ నీటిని కొట్టే చప్పుడు దగ్గరైంది. పడవ నడుపుతున్నది ముత్యాలు, పెద్దింట్లు భర్తకు అన్న. ముందు కూర్చుని రెండు చేతులతో అంచులు పట్టుకున్నది పెద్దింట్లు. పెళ్ళయినప్పటినుంచి పడవ ఎక్కని మనిషి.

“తొందరగా బావగారూ.”

“పోనిస్తన్నా అమ్మాయ్. నువ్వు కదలమాకు, ఇద్దరం పడతాం.”

ఆమె వంగి నన్ను పట్టుకుని తిప్పింది. లోపల ఎవరూ లేరు. ఆమె వేళ్ళు ముందు ఎర్రదారం అక్షరాలను తడిమాయి, తర్వాత క్లిప్పులను. ఏ క్లిప్పూ విరగలేదు. అన్నీ ఎవరో తీరిగ్గా విప్పినట్టే ఉన్నాయి. అది మంచిదో చెడ్డదో ఆమెకు తోచలేదు.

“జలజా.” మళ్ళీ పిలిచింది. కిక్కిసలో పరజ పిట్టలు కొన్ని లేచి దూరంగా వాలాయి. మూడోసారి పిలవబోతుంటే ముత్యాలు చెయ్యెత్తి ఆపాడు.

గడ్డి చీల్చుకుని దోనె ముక్కు బయటికి వచ్చింది. వెనక జలజ, పెన్సిలు పళ్ళ మధ్య పెట్టుకుని. పెన్సిలు తీసి గుసగుసగా, “అరవకే అమ్మా. గూళ్ళల్లో పిల్లలున్నాయి” అంది. అంతలో తల్లి చేతుల్లో నన్ను చూసి ఆగిపోయింది.

పెద్దింట్లు కూతుర్ని తలనుంచి కాళ్ళదాకా చూసింది. పొడిగా ఉంది. ఆమె ఏడవలేదు, తిట్టలేదు, కొట్టలేదు. నన్ను పిండి ఒళ్ళో పెట్టుకుంది. ఒడ్డు చేరేదాకా అలాగే పట్టుకుని కూర్చుంది.

జలజే మాట్లాడింది. మూడేళ్ళుగా విప్పి తగిలిస్తున్నానని చెప్పింది. కాకుల సంగతి చెప్పింది. చెప్పకపోవడం తప్పేనంది. మధ్యాహ్నం పెద్దింట్లు కంచం పెట్టింది, కూర వేసింది, మాట లేదు. ముత్యాలు చుట్ట వెలిగించుకుంటూ, “మీ అమ్మ ఇంతసేపు మాట్లాడకపోవడం నేనెరగను. కొల్లేరు ఎండిపోద్దేమో చూసుకో” అన్నాడు. ఆయన చుట్ట పట్టుకుని అవతలికి వెళ్ళాడు.

ఎండ వాలుతుండగా పెద్దింట్లు తీగ మీదనుంచి నన్ను తీసింది. ఇంకా తడి ఉంది. ట్రంకుపెట్టెలోంచి ఒక పాత నేతచీర తెచ్చింది. కిక్కిస ఆకు రంగు. మెట్టు మీద కూర్చుని దాన్ని చించి, నా మీద పరిచి కొలుచుకుంది. ఫోముకు సూది తగలకుండా, గుడ్డ అంచులు మాత్రమే పట్టుకుని కుట్టడం మొదలుపెట్టింది. నాకు ఏం జరుగుతోందో కొంచెం కొంచెంగా తెలుస్తోంది. ఒక పక్క నుంచి నా రంగు పోతోంది.

జలజ వచ్చి కింది మెట్టు మీద కూర్చుంది.

“రేపు ఇంకా సగం స్టాండ్లున్నాయమ్మా. నేను వెళ్ళకపోతే ఈ ఏడు లెక్క అక్కడితో ఆగిపోద్ది. వెళ్ళనా, మానెయ్యనా? ఆ ఒక్కటన్నా చెప్పు.”

సూది లోపలికి వెళ్ళి బయటికి వచ్చింది. కుడి పక్క అయిపోయింది. నన్ను తిప్పి ఎడమ పక్క అందుకుంది. జలజ కొంచెంసేపు ఆ చేతులనే చూసింది. చూసి చూసి ఆ గుడ్డ అంచు పట్టుకుంది.

“దీనికి ఈ పచ్చది కప్పేస్తే పక్షులకే కాదు, నీక్కూడా కనబడను. గట్టు మీంచి చూస్తే గడ్డి ఏదో, నేనేదో తెలవదు. ఆలోచించావా?”

పెద్దింట్లు ఎడమ పక్క పూర్తి చేసింది. మెడ దగ్గర ఇంకా వేలెడు ఆరంజి మిగిలింది. దాని మీదికి గుడ్డ మడిచి అదీ కుట్టింది. చేపలకు వెళ్ళిన గూడబాతులు గుంపులుగా మా మీదినుంచి గూళ్ళకు తిరిగి వెళ్ళాయి. ఆమె తలెత్తలేదు. ముడి వేసి దారం పంటితో కొరికింది. నన్ను దులిపి కూతురి ఒళ్ళో పెట్టింది.

“కనబడకపోతే పోనీ. రేపు విప్పమాకు.”