స్టీలు డబ్బాల మీద పేరు

పంజాగుట్ట ఫ్లైఓవర్ కింద పిల్లర్లకు బిగించిన డబ్బాలను అఫ్షీన్ కన్నపిల్లల్లా చూసుకునేది. పిల్లర్లూ పిల్లలూ ఆమెకొకటే. ఒక్కో డబ్బాలో ఒక చిన్న సెన్సార్. పైన బస్సు పోతే వంతెన ఎంత వణికిందో కొలిచి, రేడియోలో పక్క పిల్లరు సెన్సార్‌కు చెబుతుంది. అది దాని పక్కదానికి. అలా చెవిన పడీ పడీ ఆ కబురు అఫ్షీన్ లాప్‌టాప్‌కు చేరుతుంది. అమీర్‌పేట ఫుట్‌పాత్ మీద ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాలు కొని, వాటిలో సెన్సార్లు పెట్టి, ఎండల్లో నిచ్చెనెక్కి దిగి ఈ వరసకు మాటలు నేర్పింది ఆమే.

పరిశోధనా పత్రం అచ్చయ్యాక చూస్తే, ఆమె గైడు కృష్ణమోహన్ గారి పేరొక్కటే ఉంది. చివరి కృతజ్ఞతల్లో సైతం అఫ్షీన్ లేదు. టీ కొట్టాయన ఉన్నాడు.

"పేరుదేముందమ్మా? ముందు పని నేర్చుకో," అన్నారాయన.

సెన్సార్లకున్న సెన్సు ఈ సార్‌కు లేదని ఆమెకు అర్థమైంది. నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు చల్లారకుండా మూతపెట్టి దాచుకుంది.

వంతెనల అధికారులు చూడ్డానికి వస్తున్నారనగానే ఆయనకు టిఫిన్ డబ్బాలు నామోషీ అయ్యాయి. పెళ్లి బిందెల మీద కొట్టించినట్టు, స్టీలు డబ్బాల మూతల మీద 'ప్రొఫెసర్ కృష్ణమోహన్' అని పేరు కొట్టించి ఆ ఉదయమే పట్టుకొచ్చారు. డబ్బా కొట్టుకోవడమంటే అదీ.

"సార్, స్టీల్‌ల పెడితే..." అంది అఫ్షీన్.

"చెప్పింది చెయ్యమ్మా. మూతలు గట్టిగా బిగించు."

నాలుగువైపులా లోహం మూసేస్తే రేడియో మాట బయటికి రాదు. ఆ పాఠం ఆమెకు చెప్పింది ఆయనే. అఫ్షీన్ గట్టిగానే బిగించింది. ద్రోహానికి లోహంతో జవాబు.

"అక్కా, సారుకు చెప్పవా?" గొణిగాడు తోటి పరిశోధకుడు సురేందర్.

"చెప్పబోయిన కద. ఫికర్ చెయ్యకు, జర చూడు."

అధికారులు వచ్చి ఫ్లైఓవర్ కిందే వేసిన కుర్చీల్లో కూర్చున్నారు. తెర మీద వంతెన బొమ్మ, పిల్లరుకో చుక్క. కబురు అందక అన్నీ ఎర్రగానే ఉన్నాయి. పైన బస్సులు ఊగుతూ పోతున్నాయి. తెర ఉలకదు, పలకదు.

కృష్ణమోహన్ గారు మైకు మూసి పళ్ల సందునుంచి అడిగారు. "ఏంటిది?"

"నాకేం ఎరుక సార్? పేపర్‌ల నా పేరే లేదాయె."

ముందు వరసలో ఒకాయన వాచీ చూసుకున్నాడు.

"అఫ్షీన్, పరువు పోతోందమ్మా."

"గదే మైకుల చెప్పండి సార్. పని ఎవరిదో."

ఆయన మైకు మీంచి చెయ్యి తీశారు. "ఇది... అఫ్షీన్ చేసిన పని. మొత్తం తనదే. పత్రంలో తన పేరు లేకపోవడం నా తప్పు. సరిచేయిస్తాను."

ఒక అధికారిణి ఆమె వైపు తిరిగి పూర్తి పేరడిగి రాసుకుంది. అక్కడితో ఆగితే సరిపోయేది. అఫ్షీన్ కడుపుమంటకు అది చాల్లేదు. స్క్రూడ్రైవర్ ఆయన చేతిలో పెట్టింది.

"మూతలు తియ్యాలె సార్. బిగించమన్నది మీరే కద, మీరే తియ్యాలె."

సురేందర్ నిచ్చెన పట్టుకున్నాడు. కోటు వేసుకున్న ప్రొఫెసర్ గారు పంజాగుట్ట ట్రాఫిక్ అంతా చూస్తుండగా పైకెక్కారు. మొదటి మూత ఊడగానే ఒక చుక్క పచ్చబడింది. ఆయన తన పేరున్న మూతను చంకలో పెట్టుకుని ఆశగా కిందికి చూశారు.

"ఇంకోటి సార్," అంది అఫ్షీన్, ఆయన కోసం నీడలో వేసిన కుర్చీలో కూర్చుంటూ.