ఏడింటి షిఫ్టు

మా బడిలో ఏ కోర్సు ఎప్పుడు పోతుందో ప్రిన్సిపాల్ కన్నా ముందు నా గరిటెకు తెలుస్తుంది. నా పేరు బెర్నిస్ హ్రోమడా. ఒహాయో నది ఒడ్డున స్లేటన్ ఫెర్రీ హైస్కూలు వంటగదిలో ఇరవై ఆరేళ్లుగా వండి వడ్డిస్తున్నాను. నేను చేరిన కొత్తలో ఊళ్లో ఉక్కు మిల్లు నడిచేది. పదిమంది పిల్లల్లో ఇద్దరు ఉచితంగా తినేవాళ్లు, మిగతావాళ్లు డబ్బిచ్చి తినేవాళ్లు. మిల్లు మూతపడింది. ఇద్దరు నలుగురయ్యారు, నలుగురు ఏడుగురయ్యారు. చివరికి ఎవరు పేదవాళ్లో కాగితాలు రాయించుకోవడమే దండగనుకుని పొద్దుటి ఫలహారం, మధ్యాహ్నం భోజనం అందరికీ ఉచితం చేసేశారు.

మంచిదే, పిల్లల కడుపులు నిండాయి. కానీ నా దగ్గర పళ్లేలు పెరిగిన కొద్దీ అక్కడ ఆఫీసులో కోర్సుల జాబితా చిక్కిపోయింది. ముందు ఫ్రెంచి పోయింది. తర్వాత ఆర్కెస్ట్రా పోయింది, ఆ వయొలిన్లు ఇప్పటికీ నా సరుకుల గదిలో పిండి బస్తాల వెనక ఉన్నాయి. ఆపైన ఫిజిక్సు. వాటి బదులు కిందటి క్లాసుల లెక్కలే మళ్లీ మొదటి నుంచి చెప్పే కోర్సు ఒకటి, దుకాణంలో ఎలా నడుచుకోవాలో నేర్పే కోర్సు ఒకటి వచ్చాయి. పేదరికం జేబుకొస్తుంది గానీ బుర్రకొస్తుందా? ఈ మాట నేనంటే వంటమనిషికి ఎందుకమ్మా ఇవన్నీ అంటారు.

జనవరిలో ఒక సోమవారం కెజాయా టాలివర్ పళ్లెం ముట్టకుండా తిరిగి తెచ్చి నా ముందు పెట్టింది. పదకొండో తరగతి పిల్ల. నదిమీద తుప్పుపట్టిన మా వంతెన దాటినప్పుడల్లా దాని ఇనుప కమ్ములు లెక్కపెట్టే పిల్ల. వంతెనలు కట్టే ఇంజినీరు కావాలని దాని పట్టు.

“ఏమే, నా వంట మీద అలిగావా?” అన్నాను.

“మీ మీద కాదు మిస్ బెర్నీ. వచ్చే ఏడు కాలిక్యులస్ తీసేస్తున్నారు. శుక్రవారం లోపల పన్నెండుమంది పేర్లు ఇస్తేనే క్లాసు ఉంటుందంట. నలుగురే ఇచ్చారు.”

“నువ్విచ్చావా?”

“ఎట్లా ఇస్తాను? అది చివరి పీరియడు. ఆరో పీరియడు అయ్యేసరికి నేను వృద్ధాశ్రమంలో దుప్పట్లు ఉతుకుతుండాలి. ఆ లెక్కలు చదవకపోతే కాలేజీవాళ్లు నా దరఖాస్తు తెరిచి కూడా చూడరు.”

దానికి ఏడుపు రాలేదు, నాకే వచ్చింది. ఏడుపొస్తే నాకు వెంటనే కోపం కూడా వస్తుంది, అది మా వంశంలోనే ఉంది.

ఆ కోపం చూపించడానికి ఓరిన్ పెట్రాక్ దొరికాడు. లెక్కల మాస్టారు, చిన్నప్పుడు నా బెంచీలోనే కూర్చుని నా జవాబులు చూసి రాసిన మనిషి. రోజూ రెండింటికి వంటగదిలోకొచ్చి మిగిలిన కాఫీ తాగిపోతాడు.

“ఓరిన్, ఆ కాలిక్యులస్ చివరి పీరియడులో ఎందుకు తగలడింది?”

“ఎప్పుడూ అక్కడే కదా.”

“ఎందుకని అడుగుతున్నాను.”

కాఫీ కప్పు కింద పెట్టాడు. “మిల్లులో పగటి షిఫ్టు దిగిన ఇంజినీర్లు దారిలో ఆగి పిల్లలకు సాయం చేసేవాళ్లు. వాళ్లకు కుదరాలని చివర్లో పెట్టారు.”

“ఆ మిల్లు మూసి ఎన్నేళ్లయింది?”

“పదిహేడు.”

“పదిహేడేళ్లుగా రాని ఇంజినీర్ల కోసం పీరియడు కాచుకుని కూర్చున్నారా? చదువుకున్నవాళ్లు బాబూ మీరు.”

పాపం, తల వంచుకున్నాడు. అప్పుడు నాకు తట్టింది. అందరికీ ఫలహారం ఉచితమైన నాటి నుంచి బస్సులు ఏడింటికి పది నిమిషాల ముందే వస్తున్నాయి. మొదటి పీరియడు ఎనిమిదింటికి. మధ్యలో గంటసేపు ఆ పిల్లలు నా బల్లల దగ్గర కూర్చుని సిరప్‌తో పాన్‌కేకుల మీద బొమ్మలు గీస్తుంటారు. మధ్యాహ్నం పనికి పరిగెత్తే పిల్లలందరూ పొద్దున్న నా కళ్లముందే ఉంటారు. పేదవాళ్లు కాబట్టే ఆ గంట వాళ్లకుంది.

“ఏడింటికి ఇక్కడే చెప్పు, ఈ భోజనశాలలోనే,” అన్నాను.

“కడుపులో ఓట్స్ జావ, బుర్రలో కాలిక్యులస్. ఉంటుందా?” అన్నాడు, కానీ కళ్లు వెలిగాయి.

మంగళవారం పొద్దున పాల డబ్బాల పక్కన ఒక కాగితం, దారం కట్టిన పెన్సిలు పెట్టాను. ఎవర్నీ బలవంతపెట్టలేదు. కాస్త పెట్టాననుకోండి. గురువారానికి ముప్పై రెండు పేర్లు పడ్డాయి. మూడేళ్లుగా ఒక్క ఆటా గెలవని ఫుట్‌బాల్ జట్టు కెప్టెన్ కూడా రాశాడు.

ఆ కాగితం పట్టుకుని ప్రిన్సిపాల్ విట్‌కూంబ్ గారి గదికి వెళ్లాను. చెడ్డమనిషి కాదు. ఓడిపోయి ఓడిపోయి అలవాటైన మనిషి.

“బెర్నిస్, మన పిల్లలు ఏదైనా రాస్తారు. అదనంగా సాసేజి పెడతానంటే సైన్యంలో చేరతామని కూడా రాస్తారు,” అన్నాడు.

“సాసేజి పెట్టలేదు సార్.”

“రాయడం వేరు, చలికాలంలో పొద్దున్నే ఏడింటికి కూర్చోవడం వేరు. ఇప్పుడున్న పిల్లలు ఒకప్పటి పిల్లలు కారు. వీళ్ల ఇళ్లల్లో పరిస్థితి మీకు తెలుసు. నేను వాళ్లకు తగ్గ కోర్సులే పెడుతున్నాను.”

“తగ్గ కోర్సులు కాదు, తగ్గించే కోర్సులు. రేపు ఏడింటికి వచ్చి చూడండి. పన్నెండుమంది కూర్చుంటే క్లాసు ఉంచండి. లేదంటే నేనీ మాట మళ్లీ ఎత్తను.”

“మీరు ఎత్తకుండా ఉంటారా?”

“ఉంటాను. కానీ పన్నెండుమంది వస్తే బడి ముందున్న మిల్లు గంట మీరే కొట్టాలి.”

అది మిల్లు నడిచిన రోజుల నాటి గంట. షిఫ్టు మారినప్పుడల్లా మోగిన గంట. మిల్లు పడగొట్టినప్పుడు దాన్ని తెచ్చి ఇక్కడ వేలాడదీశారు. ఫుట్‌బాల్ జట్టు గెలిచిన రోజు తప్ప ఎవరూ ముట్టుకోకూడదని ఊరి నియమం. మా జట్టు పుణ్యమా అని మూడేళ్లుగా దానిమీద పక్షులే కూర్చుంటున్నాయి. విట్‌కూంబ్ గారు నవ్వి చెయ్యి కలిపాడు.

శుక్రవారం తెల్లవారకముందే ఫోను మోగింది. రాత్రి మోకాలి లోతు మంచు పడింది, బడి రెండు గంటలు ఆలస్యంగా తెరుస్తారని కబురు. ఇరవై ఆరేళ్లుగా అదే పని చేస్తూ, జనవరిలో మా ఊళ్లో మంచు పడుతుందన్న సంగతి మరిచి పందెం కాసిన మొద్దును నేను. ఆలస్యం రోజున పొద్దుటి బస్సులుండవు, ఫలహారం ఉండదు. పిల్లలకు అది పండగ, తొమ్మిదిదాకా దుప్పట్లోంచి కాలు బయట పెట్టరు. పేర్ల జాబితా జిల్లా ఆఫీసుకు వెళ్లాల్సింది కూడా ఆ పొద్దునే.

అయినా వెళ్లాను. ఇంట్లో కూర్చుని ఓడిపోవడం నా వల్ల కాదు. పొయ్యి వెలిగించి పెద్ద గిన్నె నిండా ఓట్స్ పోశాను. ఓరిన్ నా మెనూ పలక తుడిచి సుద్దముక్కతో ఏదో వంకర గీత గీసి పెట్టుకున్నాడు. ఏడింటికి ఐదు నిమిషాలుండగా విట్‌కూంబ్ గారు బూట్లకంటిన మంచు దులుపుకుంటూ వచ్చాడు.

“వాతావరణం మీ పక్షాన లేదు బెర్నిస్. పోనీ, సోమవారం చూద్దామా?”

“సోమవారానికి జాబితా వెళ్లిపోతుంది కదా సార్.”

ఆయన నా భుజం తట్టాడు. జాలి పడుతున్నాడని తెలిసి నాకు ఒళ్లు మండింది.

తలుపు తెరుచుకుంది. దగ్గర వీధి పిల్లలు ఇద్దరు. తర్వాత ముగ్గురు. ఫుట్‌బాల్ కెప్టెను, వెనక ఇంకో ఐదుగురు. లెక్కపెట్టాను. పదకొండు. గోడ గడియారం ఏడు చూపించింది. ఎవరి కోసం ఇదంతా మొదలుపెట్టానో ఆ పిల్లే రాలేదు. కెజాయా ఇల్లు కొండమీద, మా నాన్న ఇంటి అవతల. అక్కడినుంచి ఈ మంచులో నడిచి రమ్మనడం పాపం. తెలుసు నాకు. తెలిసినా తలుపు వైపే చూశాను.

విట్‌కూంబ్ గారు లేచి నిలబడ్డాడు. “పదకొండుమంది. చాలా గొప్ప సంగతి, నిజంగా. కానీ...”

బయట పెద్ద చప్పుడైంది. కిటికీలు గడగడలాడాయి. మంచు తోసే లారీ పసుపు దీపం తిప్పుకుంటూ కొండవీధిలోంచి దిగుతోంది. నడిపేది కెజాయా మేనమామ. లారీ వెనక శుభ్రమైన దారిలో కెజాయా నడుస్తోంది, దాని వెనక ఒకళ్ల వెనక ఒకళ్లు, టోపీలు, మఫ్లర్లు, సంచులు, బారెడు వరుస.

కెజాయా లోపలికొచ్చి రొప్పుతూ నిలబడింది. “ఐదింటినుంచి అందరికీ ఫోన్లు చేశాను. మా మామయ్యనేమో మొదట మా వీధిలో మంచు తోయమని బతిమాలాను. ఇరవైమంది వచ్చాం సార్. ఒక్కడు జ్వరంతో రాలేదు.”

విట్‌కూంబ్ గారు గడియారం వైపు చూశాడు. “ఏడు దాటి రెండు నిమిషాలైంది కదమ్మా.”

నేను గరిటె కింద పెట్టాను. “బడి రెండు గంటలు ఆలస్యమని మీరే కబురు పంపారు సార్. ఆ లెక్కన వీళ్లు గంటా యాభై ఎనిమిది నిమిషాలు ముందొచ్చారు. కావాలంటే ఓరిన్‌ని అడగండి, లెక్కల మాస్టారే.”

“సరిగ్గానే ఉంది,” అన్నాడు ఓరిన్, సుద్దముక్క చేతిలో పట్టుకుని.

విట్‌కూంబ్ గారు ఆ ముప్పై ఒక్క మొహాలనూ ఒక్కొక్కటే చూశాడు. చెంపలు ఎర్రబడి, ముక్కులు కారుతూ, ఎవరూ తల దించుకోకుండా ఆయన్నే చూస్తున్నారు. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “నేను అనుకున్నది తప్పు,” అన్నాడు. ఆ మాట అంతమంది పిల్లల ముందు అనడానికి దమ్ముండాలి, ఆయనకు ఉంది. తర్వాత కోటు గుండీలు పెట్టుకుని బయటికి నడిచాడు.

నేను గిన్నెల్లోకి జావ వడ్డిస్తున్నాను. కెజాయా మొదటి బల్ల దగ్గర కూర్చుని నోట్‌బుక్ తెరిచింది. ఓరిన్ పలకమీద గీత చూపించి, “ఇది మన వంతెన వంపు,” అన్నాడో లేదో, గంట మోగింది. మూడేళ్ల మంచూ తుప్పూ రాలిపోయేలా, ఊరంతా వినబడేలా మోగింది. పిల్లలు బల్లలు చరిచారు. నాకు కన్నీళ్లాగలేదు, ఆపాలని కూడా అనిపించలేదు.

వంటగది ఫోను మోగింది. మా నాన్న. ఎనభై నాలుగేళ్లు, చెవులు సరిగా వినబడవు, అయినా ముప్పై మూడేళ్లు ఆ గంటకే నిద్ర లేచిన మనిషి.

“బెర్నీ, మన గంట మోగుతోందే. మిల్లు తెరిచారా?”

“మిల్లు కాదు నాన్నా. మన పిల్లలకు పెద్ద లెక్కల క్లాసు తెరిచారు. పొద్దున్న ఏడింటికి.”

ఫోను రెండో చెవికి మార్చుకున్న చప్పుడైంది.

“ఎంతమంది వచ్చారు?”

“ముప్పై ఒక్కరు. ఈ మంచులో నడిచొచ్చారు.”

“అయితే మొదటి షిఫ్టు నిండిందన్నమాట,” అన్నాడు మా నాన్న. “వాళ్లకు కడుపునిండా పెట్టు.”