ఊడని బూట్లు

గురువారం సాయంత్రం స్కూలు బస్సు దిగిన సాయి ప్రియకు ఒక కాలికి బూటు ఉంది, ఇంకో కాలికి సాక్సు మాత్రమే ఉంది. రెండో బూటు చేతిలో ఉంది. మోకాలు చెక్కుకుపోయి ఉంది, దాని మీద ఎవరో మందు రాశారు.

"పడ్డావా?" అన్నాను.

"ముందు బూటు పడింది అమ్మమ్మా. తర్వాత నేను పడ్డాను."

సాయి ప్రియ నా కూతురు బిందు కూతురు. మూడో తరగతి. మా ఆయన పోయిన దగ్గర నుంచి నేను రేపల్లెలో వీళ్ళ దగ్గరే ఉంటున్నాను. బిందు ఆసుపత్రి ల్యాబులో పని చేస్తుంది. అల్లుడిది ఊళ్ళు తిరిగే ఉద్యోగం. పిల్ల స్కూలు సంగతులన్నీ నేనే చూసుకుంటాను.

ఆగస్టు పదిహేనుకు స్కూల్లో కవాతు ఉంది. మూడో తరగతి ఆడపిల్లల్లో ముందు వరసకు సాయి ప్రియను తీసుకున్నారు. దాన్ని దేనికైనా తీసుకోవడం అదే మొదటిసారి. పాటకు పేరిస్తే గొంతు చాలదన్నారు. నాటకంలో చెట్టు వేషం ఇచ్చి, నాలుగు రోజులయ్యాక చెట్టు అక్కర్లేదన్నారు. కవాతుకు మాత్రం డ్రిల్లు సారు విజయసారథి గారు తానే వేలు చూపించి "నువ్వు రా" అన్నారట. "నన్నే అమ్మమ్మా, నన్నే చూపించారు" అని నెల రోజులుగా ఇంట్లో అదే మాట.

ఆ రోజు సారు వెనక్కి తిరగమన్నప్పుడు పిల్ల గట్టిగా తిరిగింది. బూటు తిరగలేదు. కాలి నుంచి లేచిపోయి సారు నిలబడ్డ చోటు దాకా వెళ్ళిందట. గ్రౌండంతా నవ్వారట.

"సోమవారానికి ఊడని బూట్లతో రమ్మన్నారు. లేకపోతే నా చోట్లో వైదేహిని పెడతారంట" అని చెప్పి, అప్పుడు ఏడ్చింది. మోకాలికి ఏడవలేదు.

తప్పు సగం నాదే. జూన్‌లో బూట్లు కొన్నది నేను. దాని కాలికి పదమూడో నంబరు సరిపోతుందని దుకాణంలో అన్నారు. ఎదిగే పిల్ల కదా, ఒక నంబరు పెద్దది ఇవ్వమన్నాను. మా ఇళ్ళల్లో పిల్లలకు సరిపోయేది ఏనాడూ కొనలేదు. గౌనైనా, చొక్కా అయినా, చెప్పులైనా వచ్చే ఏటికి కొని ఈ ఏడు తొడిగేవాళ్ళం. ఇక పిల్లల బూట్ల లెక్క చూడండి, పదమూడు తర్వాత మళ్ళీ ఒకటి వస్తుంది. పద్నాలుగుకి ఏం రోగం వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ ఒకటో నంబరు తెచ్చాను.

బూట్లు పట్టుకుని కొన్న దుకాణానికే వెళ్ళాను. దుకాణం చిట్టిబాబుది. తిప్పి చూశాడు.

"బూటు బంగారంలా ఉంది కదండి పిన్నిగారూ. వేళ్ళ దగ్గర కాస్త దూది కుక్కండి."

"జూన్ నుంచి కుక్కుతూనే ఉన్నా. బూటుతో పాటు దూది కూడా ఊడి వస్తోంది."

"అయితే ఇంకాస్త కుక్కండి."

పదమూడో నంబరు చూపించమంటే అయిపోయాయన్నాడు. స్కూళ్ళు తెరిచినప్పుడే సరుకు తెప్పిస్తారట, మళ్ళీ వచ్చే జూన్‌లోనేనట. పిల్లల కాళ్ళు కూడా జూన్‌లోనే పెరగాలన్నమాట.

శుక్రవారం పిల్లకు స్కూలుంది, కవాతు మానదు. నేనొక్కదాన్నే తెనాలి వెళ్ళి వద్దామనుకున్నాను. మా చిన్నప్పుడు ఊళ్ళో ఎవరు తెనాలి వెళుతున్నా పిల్లల చెప్పులు వాళ్ళ చేతే తెప్పించుకునేవాళ్ళం. పిల్లవాణ్ణి నేల మీద నిలబెట్టి, పాదం పక్కన చీపురు పుల్ల పెట్టి, మడమ నుంచి బొటనవేలి దాకా కొలిచి విరిచి ఇచ్చేవాళ్ళం. ఎవరి పుల్ల ఏదో తెలియడానికి రంగు దారం కట్టేవాళ్ళం. నేనూ అలాగే పొద్దున్నే సాయి ప్రియను నిలబెట్టి పుల్ల కొలిచి సంచిలో వేసుకుని రైలెక్కాను.

తెనాలి బజారులో పెద్ద దుకాణంలోకి వెళ్ళి పుల్ల తీసేసరికి, అక్కడ పని చేసే ఏసుబాబు అనే అబ్బాయి పక్కవాళ్ళను పిలిచాడు.

"ఒరేయ్, పుల్ల చూడండిరా! మా నాయనమ్మ తర్వాత మళ్ళీ మీరేనండి మామ్మగారూ."

"మీ నాయనమ్మ కొన్న చెప్పులు సరిపోయాయా లేదా?"

"సరిపోయేవండి. సరిపోకపోతే తన్నేది."

పదమూడో నంబరు బెల్టు బూటు తీసి పుల్ల లోపల పెట్టాడు. చివర వేలు పట్టేంత చోటుంది. కొలిచి కుట్టినట్టు ఉందన్నాడు. నాకూ అలాగే అనిపించింది. రైల్లో వేమూరు దాటేదాకా ఆ అట్టపెట్టె ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాను.

ఇంటికొచ్చి తొడిగాను. పొడుగు సరిగ్గా ఉంది. నడవమన్నాను. అడుగు వేసేసరికి మడమ పైకి వచ్చింది, బూటు నేల మీదే ఉంది. పాదానికి అటు ఒక వేలు, ఇటు ఒక వేలు ఖాళీ. బెల్టు చివరి కంత దాకా లాగినా బెల్టు కిందా ఖాళీయే.

డ్యూటీ నుంచి వచ్చిన బిందు చూసి అంది, "పుల్లతో కొలిస్తే పొడుగే తెలుస్తుంది కదమ్మా. పాదం పుల్లా?"

"మీ అందరికీ పుల్లతోనే కొన్నాను."

"మా అందరికీ కాళ్ళు పేడతట్టల్లా ఉండేవి. దీనిది వాళ్ళ నాన్న కాలు, సన్నం."

నిజమే. పిల్ల పాదం చూడటానికి అరటిమొవ్వలా ఉంటుంది. పుట్టినప్పుడు అందరం ముచ్చటపడ్డాం. ముచ్చటకు పనికొచ్చింది గానీ బూటుకు పనికిరాలేదు.

మర్నాడు రెండో శనివారం, సెలవు. పిల్లను వెంటబెట్టుకుని మళ్ళీ తెనాలి. ఏసుబాబు నన్ను చూసి, "పుల్ల ఏదండి?" అన్నాడు.

"పుల్ల కాదు, ఈసారి కాలే తెచ్చాను. వెడల్పు తక్కువది ఇవ్వు."

"బూటుకి నంబరు ఉంటుంది గానీ వెడల్పు ఉండదండి."

"కాలికి ఉంది కదా?"

"కాలికి ఉంటే కంపెనీవాళ్ళకి తెలియాలి కదండి మామ్మగారూ."

అంతవరకు మంచివాడే, ఆ పెట్టె వెనక్కి తీసుకుని డబ్బులిచ్చేశాడు. తర్వాత మేం ఇంకో మూడు దుకాణాలు ఎక్కాం. ఒకాయన సాక్సులు రెండు జతలు తొడగమన్నాడు. తొడిగితే వేళ్ళకు చోటు లేదు, మడమకు మాత్రం ఖాళీ అలాగే ఉంది. ఇంకొకాయన పిల్లకు బలమైన తిండి పెట్టమన్నాడు. పాదాలకు ఏం తిండి పెట్టాలో అది మాత్రం చెప్పలేదు. అందరూ కూర్చున్న పిల్ల కాలికి తొడిగి, పైనుంచి బొటనవేలు నొక్కి, "సరిపోయింది" అనేవాళ్ళే. నడవమంటే ఊడేది.

నాలుగో దుకాణంలో పన్నెండో నంబరు తొడిగారు. సాయి ప్రియ లేచి నడిచింది. ఊడలేదు. అద్దం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, నా దగ్గరికి వచ్చింది.

"సరిపోయాయి అమ్మమ్మా."

నాకు ప్రాణం లేచి వచ్చింది. బిల్లు రాయమన్నాను. అప్పుడు చూశాను, పిల్ల కింది పెదవి పళ్ళ మధ్య ఉంది. కూర్చోబెట్టి బూటు లాగాను, సాక్సు లాగాను. నాలుగు వేళ్ళు ముడుచుకుని ఎర్రగా కందిపోయి ఉన్నాయి. బొటనవేలి గోరు తెల్లబడి ఉంది.

"నొప్పి లేదా?"

"ఆగస్టు పదిహేను దాకానే కదా అమ్మమ్మా."

నాకు కోపం ఆగలేదు. కంపెనీవాళ్ళు ఎక్కడుంటారో తెలియదు, దుకాణాల వాళ్ళు తమ చేతిలో లేదంటారు. ఎదురుగా దొరికింది పిల్లే. అబద్ధాలు ఎప్పుడు నేర్చుకున్నావని స్టేషను దాకా తిట్టాను. అది రైల్లో కిటికీ పక్కన కూర్చుని పాత బూటు బెల్టు పెడుతూ, తీస్తూ ఉంది. భట్టిప్రోలు వచ్చాక నేనే శనగలు కొనిచ్చాను. తిన్నది గానీ నా వైపు చూడలేదు.

ఆ రాత్రి బిందు తన ల్యాబులో అమ్మాయికి ఫోన్ చేసింది. ఆ అమ్మాయిది బాపట్ల. అక్కడ అమ్మాజీ అని ఒకావిడ చిన్న బూట్ల దుకాణం నడుపుతుందట, ఆదివారం కూడా తీసే ఉంటుందట. ఇంకెవరి మీదా నమ్మకం లేకపోయినా, ఇంకో రోజు మిగిలి ఉంది కాబట్టి పొద్దున్నే బస్సెక్కాం. చెరుకుపల్లి దాటేదాకా నిలబడే వెళ్ళాం.

అమ్మాజీకి నా వయసే ఉంటుంది. ఏ నంబరని అడగలేదు.

"పాపా, సాక్సులతో నిలబడు. అటు నడువు. ఇటు రా."

పిల్ల నడుస్తుంటే కింద కూర్చుని చూసింది. తర్వాత పాదాన్ని రెండు పక్కలా చేతుల్తో పట్టుకుంది, మడమను రెండు వేళ్ళతో పట్టుకుంది. నాలుగు రోజుల్లో ఆ పిల్ల పాదాన్ని పక్కల నుంచి పట్టుకున్న మనిషి ఆవిడొక్కతే.

"అక్కయ్యగారూ, పాదం సన్నం. మడమ ఇంకా సన్నం. బెల్టు ఒక్కచోటే పట్టుకుంటుంది, దీనికి చాలదు. లేసు బూటు అయితే పైనుంచి కింద దాకా బిగించుకోవచ్చు."

పదమూడో నంబరు నల్ల లేసు బూట్లు తెచ్చింది. లోపల పలచని అట్ట ఒకటి వేసింది. లేసు అన్ని కంతల్లోనూ దూర్చి, కింద నుంచి ఒక్కొక్క వరసే బిగించుకుంటూ పైకి వచ్చి ముడేసింది. సాయి ప్రియ లేచి నిలబడింది. ఒక కాలు నేలకేసి కొట్టింది. రెండో కాలు కొట్టింది. దుకాణం మధ్యలో వెనక్కి తిరిగింది. మళ్ళీ తిరిగింది. బూట్లు కాళ్ళతోనే తిరిగాయి.

"వేళ్ళు?" అన్నాను.

"ఆడుతున్నాయి. నిజంగా అమ్మమ్మా. కావాలంటే చూడు."

విప్పి చూశాను. ఎర్రగా లేవు. మళ్ళీ తొడిగాను. అప్పుడు పిల్ల ముఖం మారింది.

"ఇవి మగపిల్లలవి. మా స్కూల్లో ఆడపిల్లలు బెల్టువే వేసుకోవాలి."

అమ్మాజీ బూటును పట్టుకుని ఎగాదిగా చూసింది. "దీనికి మీసాలేమైనా ఉన్నాయా? నాకు కనపట్లేదే."

పిల్ల నవ్వింది. నేను నవ్వలేదు. ఆ నిబంధన నాకూ తెలుసు. అయినా కొన్నాను. ఊడని బూట్లు అవి తప్ప మూడు ఊళ్ళలో లేవు.

సోమవారం నేనూ పిల్లతో పాటు స్కూలుకు వెళ్ళాను. విజయసారథి గారు గ్రౌండులో సున్నం గీతలు వేయిస్తున్నారు. ముఖం కంటే ముందు కాళ్ళే చూశారు.

"ఏంటండి ఇది? మగపిల్లల బూట్లు వేసుకొచ్చారు?"

"ఊడని బూట్లు తెమ్మన్నారు కదండి."

"ఊడని బెల్టు బూట్లండి."

"అవి రేపల్లెలో లేవు, తెనాలిలో లేవు, బాపట్లలో లేవు. మీకెక్కడైనా కనపడితే చెప్పండి, ఇప్పుడే బస్సెక్కుతాను."

"రూలు నేను పెట్టింది కాదు మామ్మగారూ. ముందు వరస ఒకేలా కనపడాలి. ఫొటోలు తీస్తారు."

"ఒకేలా కనపడాలంటే ముందు ఒకేలా నడవాలి కదండి? ఒక్కసారి నడిపించి చూడండి."

ఆయన మంచివాడో కాదో నాకు తెలియదు, వినే మనిషి మాత్రం అవును. విజిల్ ఊదారు. పిల్లలందరూ చూస్తుండగా సాయి ప్రియ ఒక్కతే గ్రౌండు ఈ చివర నుంచి ఆ చివరికి నడిచింది. వెనక్కి తిరగమన్నారు. తిరిగింది. మళ్ళీ తిరగమన్నారు. వెనక ఎవడో "మగరాయుడు" అన్నాడు, ఇద్దరు నవ్వారు. పిల్ల చెవులు ఎర్రబడ్డాయి. కాళ్ళు తప్పలేదు. అంత శుభ్రంగా ఇంకెవరూ తిరగరని నాకనిపించింది. ఆయనకూ అనిపించిందని ఆయన ముఖం చూస్తేనే తెలుస్తోంది.

సున్నం గీతల వైపు వేలు చూపించారు.

"రెండో వరస" అన్నారు.

నేను నోరు తెరిచాను. నేను మాట్లాడే లోపే సాయి ప్రియ అడిగింది.

"వరసలోనే కదా సార్?"

"వరసలోనే."

అంతే, పరిగెత్తింది. వైదేహి ముందుకు వచ్చి దాని చోట్లో నిలబడింది. ఇది వెనక్కి వెళ్ళి నిలబడింది. బాగా నడిచే పిల్లను వెనక్కి నెట్టారేమని అడగాలనుకున్నాను. అడిగితే ఉన్న చోటు కూడా పోతుందేమోనని అడగలేదు. ఇంటి దాకా నాలో నేనే గొణుక్కుంటూ వచ్చాను. బిందు ఫోన్లో "పోనీలే అమ్మా, ఉంచారు కదా" అంది. పోనివ్వడానికి నాకు మనసు రాలేదు. ఇప్పటికీ రావడం లేదు.

ఆగస్టు పదిహేను పొద్దున వాన పడి ఆగింది. పెద్దలకు షామియానా కింద కుర్చీలు వేశారు. మూడో తరగతి వచ్చింది. ముందు వరస ఆడపిల్లల బెల్టు బూట్లు ఎనిమిది జతలు నిగనిగలాడుతూ కనపడ్డాయి. వాటి వెనక రెండో వరస కాళ్ళు ఏమీ కనపడలేదు. మూడు ఊళ్ళు తిరిగి తెచ్చిన బూట్లు, కుర్చీలో నుంచి లేచి నిలబడినా కనపడలేదు. వెనకావిడ కూర్చోమంది. కూర్చున్నాను.

కాళ్ళు కనపడకపోయేసరికి తలను చూస్తూ కూర్చున్నాను. రెండు జడలు, తెల్ల రిబ్బన్లు. విజిల్ మోగింది. ఆ వరసలో తలలన్నీ ఒక్కసారే తిరిగాయి. దాని తల కూడా వాటితోనే తిరిగింది. పక్కకు ఒరగలేదు, కిందికి వంగలేదు. అలాగే షామియానా దాటి వెళ్ళిపోయింది.