మఠాధిపతి వేషం

ఇరైదా ప్లతోనొవ్నా ఇరవై ఏళ్ళపాటు తెరమీద దేవుడు లేడని చెప్పింది. ఆ మాటను ఆమె అంత అందంగా సోవియట్ దేశంలో మరెవరూ చెప్పలేదని పత్రికలు రాశాయి. వయసులో ఉండగా ట్రాక్టరు మీద కూర్చుని చెప్పింది. వయసు మళ్ళుతుంటే నేతమిల్లు డైరెక్టరుగా చెప్పింది. ఇంకాస్త మళ్ళాక పార్టీ కార్యదర్శిగా కుర్చీలో కూర్చుని చెప్పింది. ఇంతలో దేశమే మారిపోయింది. ఆమె చేత ఆ మాట చెప్పించిన పెద్దలు పండగ రోజున టీవీవాళ్ళ ముందు కొవ్వొత్తులు పట్టుకుని నిలబడసాగారు. వోడ్కా గ్లాసు పట్టుకున్నట్టే పట్టుకునేవారు పాపం, అలవాటు లేక. ఇరైదాకు మాత్రం పదకొండేళ్ళుగా చెప్పుకోదగ్గ వేషం లేదు. ఒక మయొనైజ్ ప్రకటనలో బామ్మగా నవ్వింది, అంతే.

అరవై నాలుగో ఏట అదృష్టం తలుపు తట్టింది. టీవీ సీరియల్లో సన్యాసినుల మఠాధిపతి వేషం. పదహారు భాగాల్లోనూ ఆమే ఉంటుంది. షూటింగు వొలొగ్దా దగ్గర ఉస్తినొవ్‌కా అనే పల్లెలో అన్నారు. ఆ పేరు వినగానే ఇరైదా చేతిలోని టీకప్పు కిందపెట్టేసింది.

ఆ ఊరు ఆమెకు తెలుసు. ముప్ఫై ఎనిమిదేళ్ళ కిందట ఆమెను తారను చేసిన సినిమా అక్కడే తీశారు. అందులో ఆమె తోన్యా అనే యువ కమ్యూనిస్టు పిల్ల. చర్చిలోని దేవుడి పటాలు తెచ్చి మంటలో వేస్తుంది, ఊరంతా చప్పట్లు కొడుతుంది. లెనిన్‌గ్రాద్ నుంచి రావలసిన అట్ట పటాలు సమయానికి రాలేదు. చర్చి గోడ నిండా అసలువి ఉండగా అట్టవి దేనికన్నాడు అప్పటి డైరెక్టరు. అసలువే కాల్చారు.

సీరియలు డైరెక్టరు గ్లేబ్‌కు ముప్ఫై ఏళ్ళుంటాయి. ఫిబ్రవరి మంచులో, ఈస్టరుకు ముందొచ్చే పెద్ద ఉపవాసాల మొదటి వారంలో, యూనిట్‌ను ఉస్తినొవ్‌కాలో దింపాడు. చర్చి కప్పుకు కొత్త రేకులు వేయిస్తామన్నాక అక్కడి గురువు ఫాదర్ వర్ఫొలొమేయ్ షూటింగుకు ఒప్పుకున్నాడు. అయితే ఒక షరతు పెట్టాడు. మఠాధిపతి వేషం కట్టేవాళ్ళు ముందు తన దగ్గర పాపాలు ఒప్పుకోవాలి. ఒక్క పూట తొడిగినా సన్యాసినుల నల్లబట్ట నల్లబట్టేనన్నాడు.

చర్చి గుమ్మంలోనే కొవ్వొత్తులమ్మే అన్ఫీసా ఇరైదా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు తోన్యావి కదూ?"

ఇరైదా శాపనార్థాలకు సిద్ధపడి తలవంచుకుంది.

"నేను అప్పుడు ముందు వరసలోనే ఉన్నానమ్మా. తెల్ల రుమాలు కట్టుకుని గట్టిగా చప్పట్లు కొట్టాను. సినిమా వస్తే చూడబోయాను. ఏదీ, రుమాలు కొస తప్ప నేను లేను. మూడుసార్లు జిల్లాకు పోయి చూశాను. మూడుసార్లూ కొసే."

"నాకు... నాకు తెలియదమ్మా."

"నీకెందుకు తెలుస్తుందిలే. నీ మొహం మాత్రం నిండుగా పడింది." అన్ఫీసా అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఇదిగో, ఫాదర్‌తో ఈ ముక్క అనకు. ఆయన బయటినుంచి వచ్చినవాడు. చర్చిని పైవాళ్ళొచ్చి పాడుచేశారని చెప్పాం. అలాగే ఉండనీ. ఉన్నవాళ్ళం పెద్దవాళ్ళమైపోయాం, ఇప్పుడెందుకు కెలుక్కోవడం."

ఇరైదా ఆ సాయంత్రం గ్లేబ్‌కు ఉన్నదున్నట్టు చెప్పింది. గ్లేబ్ భయపడతాడనుకుంది. అతను ఉడికిన బంగాళాదుంప ఊదుకుంటూ విన్నాడు.

"ఆ ఒక్కటీ చెప్పకండి, మిగతావి చెప్పండి. మనిషన్నాక చిల్లర పాపాలుండవా? ఉపవాసంలో సాసేజ్ తిన్నానని చెప్పండి."

"నేను తినలేదు బాబూ."

"తిననిది తిన్నానంటే అదొక అబద్ధం. దాన్నీ కలిపి చెప్పేయండి." అని నవ్వి రచయితను పిలిచాడు. "సేవా, అమ్మగారికి ఒక పేజీ పాపాలు రాసిపెట్టు. బరువుగా ఉండాలి, ప్రమాదం ఉండకూడదు."

సేవా గంటలో రాసి తెచ్చాడు. నిజం చెప్పాలంటే బాగా రాశాడు. గర్వం, సాటి నటి మీద అసూయ, తల్లి బతికుండగా ఆమెకు ఉత్తరం రాయకపోవడం. గ్లేబ్ ఆమె చేత రెండుసార్లు చదివించుకున్నాడు. తల్లి దగ్గర ఒక్క క్షణం ఆగి, కన్నీళ్ళు కిందికి జారకుండా కంట్లోనే నిలపమన్నాడు. జీవితమంతా అలాగే పనిచేసిన మనిషి కాబట్టి ఇరైదా చెప్పినట్టే చేసింది. ఆ పాత్ర పోతే ఇంకొకటి రాదని ఆమెకు తెలుసు.

మర్నాడు చర్చిలో వరస పెద్దది. ఊళ్ళోని ముసలమ్మలు ఇరవై మంది, ఎవరి వంతు కోసం వాళ్ళు రుమాళ్ళు సర్దుకుంటూ నిలబడ్డారు. ఫాదర్ ఒక మూల, సువార్త పుస్తకం, శిలువ ఉంచిన చిన్న బల్ల పక్కన నిలబడి ఒక్కొక్కరి మాట వింటున్నాడు. ఇరైదా వెళ్ళి తలవంచింది. సేవా వాక్యాలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. తల్లి దగ్గర ఆగింది. కన్నీళ్ళు కంట్లోనే నిలిచాయి. ఫాదర్ కళ్ళు కూడా చెమర్చాయి.

ఆ చెమ్మ చూసి ఇరైదాకు సిగ్గేసింది. మంచి మనిషి, వయసులో కొడుకులాంటివాడు, నిజమని నమ్మి ఏడుస్తున్నాడు. ప్రేక్షకులు ఏడిస్తే ఆమెకెప్పుడూ సంతోషమే. ఈ ఒక్కడు ఏడిస్తే ఎందుకు బాధ కలిగిందో దేవుడికే తెలియాలి.

"అదంతా రాసిచ్చింది ఫాదర్," అంది.

"ఎవరు రాసిచ్చారు?"

"మా రచయిత. నాది వేరే ఉంది. ఈ చర్చి పటాలు నేనే కాల్చాను. పద్దెనిమిది."

కన్నీళ్ళు రాలేదు. మాట కూడా తడబడింది.

"పద్దెనిమిదని ఎలా గుర్తుంది?"

"టేకుకు ఆరు. మూడు టేకులు."

"టేకంటే?"

"సరిగా రాకపోతే మళ్ళీ చేస్తాం ఫాదర్."

"మొదటిసారి సరిగా కాలలేదా?"

"కాలాయి. నా ముఖం మీద మంట వెలుగు చాల్లేదన్నారు."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇరైదా నాటక పాఠశాలలో చదువుకున్న మనిషి. గుసగుసగా మాట్లాడినా చివరి వరస దాకా వినబడేలా ఆమె గొంతును తయారుచేశారు. "ఊరంతా చుట్టూ నిలబడి చప్పట్లు కొట్టారు" అని ఆమె చివర్న అన్న మాట కూడా వరసలోని ఆఖరి ముసలమ్మ దాకా శుభ్రంగా చేరింది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు వరసంతా కదిలింది. ఒకామెకు పొయ్యిమీద పెట్టిన పాలు గుర్తొచ్చాయి. ఉపవాసంలో పాలేమిటని పక్కామె అడిగి, తనకూ ఏదో గుర్తొచ్చి వెళ్ళిపోయింది. ఒకామె మనవడికి దగ్గు. ఒకామెకే దగ్గు. ఫాదర్ తలెత్తేసరికి కొవ్వొత్తుల బల్ల వెనక అన్ఫీసా తప్ప ఎవరూ లేరు. ఆమె కూడా ఉండాలని ఉండలేదు, కొవ్వొత్తులు వదిలి పోలేక ఉంది.

ఫాదర్ ఖాళీ అయిన చర్చిని చూశాడు. అన్ఫీసాను చూశాడు. అన్ఫీసా కొవ్వొత్తులు సర్దసాగింది.

"ఏడేళ్ళుగా ఇక్కడ పాపాలు వింటున్నాను," అన్నాడు మెల్లగా. "పొరుగింటి కోడిని రాయితో కొట్టానని విన్నాను. కోడలిని తిట్టానని విన్నాను. ఇది మాత్రం ఎవరూ చెప్పలేదు."

తన మెడలో వేలాడే పొడవాటి గుడ్డ పట్టీని ఆమె తలమీద కప్పి క్షమాపణ ప్రార్థన చదివాడు. తర్వాత ప్రాయశ్చిత్తం చెప్పాడు. నలభై రోజులు, రోజుకు నలభైసార్లు, ఖాళీగా ఉన్న పటాల గోడ ముందు నేలకు నుదురు ఆనించి దండం పెట్టాలి.

"అది అయ్యాక వేషం మాట మాట్లాడుకుందాం."

"షూటింగు గురువారమే ఫాదర్."

"తెలుసమ్మా."

ఇరైదా తన వేషం పోయిందని అర్థం చేసుకుంది. బయటికొచ్చి గ్లేబ్‌తో చెబితే అతను నెత్తి పట్టుకున్నాడు.

"అంత మంచి పేజీ ఇచ్చాను కదమ్మా. దాంట్లో ఏం తక్కువైంది?"

"ఏమీ తక్కువ కాలేదు బాబూ. అదే వచ్చిన చిక్కు."

బుధవారం పీటర్స్‌బర్గ్ నుంచి ఇంకొక నటి దిగింది. సేవా పేజీ వృథా పోలేదు. అక్షరం పొల్లుపోకుండా ఆమె చెప్పింది. ఫాదర్ అంతా విని, తల్లికి ఉత్తరం రాయని మాట దగ్గర ఒక్కసారి దగ్గి, ఆశీర్వదించి పంపాడని చెప్పుకున్నారు. ఎందుకు పంపాడో ఆయనకే తెలియాలి. రేకుల లారీ అప్పటికే బయల్దేరిందని మాత్రం ఊళ్ళో అనుకున్నారు.

ఇరైదా మాస్కో రైలెక్కలేదు. అన్ఫీసా ఇంట్లో పొయ్యి పక్క మంచం అడిగింది. అన్ఫీసా రెండు రోజులు ముఖం మాడ్చుకుంది. "ఊరి పరువు తీశావు కదా" అని దెప్పింది. అంటూనే గోధుమ జావ ఆమె గిన్నెలోనే ఎక్కువ పోసేది.

గురువారం ఉదయం ప్రార్థన చేసి ఫాదర్ పవిత్ర జలం చల్లాడు. కెమెరా అద్దం మీద పడిన చుక్కలు తుడుచుకుంటూ కెమెరామన్ ఏదో గొణిగి, గురువుగారిని చూసి నాలుక కరుచుకున్నాడు. తర్వాత తమ ఆచారం ప్రకారం కెమెరా కాలికి పింగాణీ పళ్ళెం కొట్టి పగలగొట్టి, తలా ఒక ముక్క జేబులో వేసుకున్నారు. దేవుడు ఒకవైపు, పళ్ళెం ఒకవైపు. ఏది పనిచేసినా మంచిదే అనుకున్నారు కాబోలు.

దీపాలు వెలిగించి చూస్తే గోడ ముందు ఎవరో ముసలామె లేస్తూ వంగుతూ ఉంది. సహాయకురాలు పరుగున వెళ్ళింది.

"బామ్మా, కాస్త పక్కకు. ఫ్రేములో పడుతున్నారు."

"ఇంకా పదకొండున్నాయి తల్లీ. ఆగండి."

యూనిట్‌లోని ఇరవై మందీ ఆగారు. నల్లబట్టల్లో కొత్త మఠాధిపతి థర్మాస్‌లోంచి కాఫీ తాగుతూ ఆగింది. గ్లేబ్ చిరాకుగా మానిటరు తెరలోకి చూశాడు. చూస్తూ చూస్తూ చిరాకు మరిచిపోయాడు. మోకాలు నొప్పికి ఒక చెయ్యి నేలకు ఊతమిచ్చి వంగే ఆ వీపును, ఎవరి కోసమూ కాకుండా నేలకు ఆనే ఆ నుదుటిని చూశాడు. కెమెరామన్ భుజం తట్టి, కెమెరా నడపమని సైగ చేశాడు.

ఆ మోటారు సన్నటి చప్పుడు ఈ లోకంలో అందరికంటే ఇరైదాకే బాగా తెలుసు. ఆమె మనసుకు తెలిసేలోపే మెడ నిటారైంది. గడ్డం కొద్దిగా పైకి లేచింది. ఎడమవైపు ముఖం, ఎప్పుడూ బాగుంటుందని అందరూ చెప్పిన వైపు, దానంతటదే దీపంవైపు తిరిగింది.

"అబ్బ," అన్నాడు గ్లేబ్.

ముప్ఫై ఆరో దండం మధ్యలో ఇరైదా ఆగిపోయింది. మోకాళ్ళ మీదే కాసేపు కూర్చుంది. తర్వాత దీపాలకు వీపు తిప్పి, రుమాలు ముఖం మీదికి లాగి, మళ్ళీ వంగింది.

"ఇంకెన్ని బామ్మా?" అడిగింది సహాయకురాలు, గడియారం చూసుకుంటూ.

"నలభై," అంది ఇరైదా. "ఇది ఒకటోది."