నక్కల డాక్టరు వెంటపడ్డ ఏరు

పొద్దున లేవగానే నక్కల డాక్టరు చేసే మొదటి పని ముందుగదిలోంచి ఏటిని బయటికి నెట్టడం. చీపురుతో గుమ్మం దాకా తోసి, మెట్ల మీద నుంచి వీధిలోకి దింపి, మడిచిన పాంటు కిందికి లాక్కుని, అప్పుడు టీ తాగుతాడు. అంతసేపూ వాళ్ళావిడ కాళ్ళు కుర్చీలోకి ముడుచుకుని కూర్చుంటుంది.

"చెప్పులు బయట విప్పి వస్తారు కదా, ఆ ఏటిని కూడా బయటే వదిలేసి రాకూడదూ?"

"నేనేమన్నా పిలిచానా? అదే వచ్చింది."

"నా వెంట రాదేం మరి? మెత్తటివాళ్ళు దొరికితే అందరూ నెత్తికెక్కుతారు."

డాక్టరు నక్కల మీద పరిశోధన చేసే కేంద్రం ఉన్న లోయలో ఏరు ఎండిపోయి చాలా ఏళ్ళయింది. అలా ఇలా ఎండలేదు. అక్కడి ఇసుక మీద చెమటచుక్క రాలితే గులకరాయి పడ్డట్టు టక్కుమని చప్పుడయ్యేది. కొంగలు చేపల రుచి మరిచిపోయి జొన్నగింజలు ఏరుకు తినేవి. అలాంటి ఏరు ఒకనాటి మధ్యాహ్నం ఇసుకలోంచి లేచి, అటుగా పోతున్న నక్కల డాక్టరు వెంటపడింది. మళ్ళీ వదల్లేదు. ఆయన నడిస్తే చీలమండల లోతున వెనకే నడుస్తుంది. జీపెక్కితే జీపు వెనక పరిగెడుతుంది. ఆఫీసులో కూర్చుంటే బల్ల కింద చుట్టచుట్టుకుని పడుకుంటుంది. ఆయన దాటిపోయిన చోట కాస్త బురద మిగులుతుంది, అదీ మర్నాటికల్లా ఎండి గాలికి ఎగిరిపోతుంది.

ఊళ్ళో దీన్నెవరూ వింతగా చూడలేదు. రైతులు గట్ల మీద నిలబడి, "డాక్టరుగారూ, రేపు వాకింగు మా వైపు పెట్టుకోండి, తోట వాడిపోతోంది" అని కేకేసేవాళ్ళు.

కేంద్రంలో భూమి పొరల మీద పనిచేసే పెద్దాయన్ని అందరూ రాళ్ళ బాబాయి అంటారు. ఆయన దగ్గర దీనికి కారణం కూడా ఉంది.

"ఎప్పుడో భూమి కదిలి, ఈ లోయ అడుగున ఉన్న బండ పైకి లేచిందబ్బాయ్. వాలు పోయింది. ఎటు పారాలో తెలియని ఏరు ఏం చేస్తుంది పాపం? ధీమాగా ఎటో పోతున్న మనిషి కనబడ్డాడు, వెంటపడింది."

"నేను ధీమాగా పోవడం లేదు బాబాయ్, కోపంగా పోతున్నాను."

"నీళ్ళకు ఆ తేడా ఏం తెలుస్తుంది!"

కోపం రాక ఏం చేస్తుంది? అడుగుజాడలు చదవడంలో నక్కల డాక్టరును మించినవాడు ఏడు లోయల్లో లేడు. నేల మీద ఒక్క గుర్తు చూసి ఆ జంతువు వయసు చెప్పేవాడు, ఒంట్లో ఉన్న జబ్బు చెప్పేవాడు. ఒకసారైతే ఒక నక్క అడుగు చూసి, "ఇది ఇంట్లో అలిగి వచ్చింది" అన్నాడు. సాయంత్రానికి దాని జోడు వెతుక్కుంటూ రానే వచ్చింది. అంతటివాడికి ఈ లోయలో గుంటనక్కలు ఇంకా బతికున్నాయని చూపించడానికి ఒక్క అడుగు దొరకడం లేదు. జల్లెడ పట్టిన సన్నటి మట్టిని దుప్పటిలా చదునుగా పరుస్తాడు. మర్నాడు చూద్దామని వెళ్ళి వంగేలోపు, వెనకనుంచి ఏరు వచ్చి మొత్తం తుడిచేస్తుంది. కెమెరా పెడితే అందులో ఒకే ఒక్క ఫోటో పడింది. తెల్లబోయి చూస్తున్న చేప.

మొదటి ఏడాది, దొరక్క దొరక్క దొరికిన ఒక్క అడుగును ఆయన కళ్ళెదుటే ఏరు నాకేసింది. ఇక నడకలో వెనక్కి తిరిగి దాని మొహం చూడనని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాడు. నడిచినంతసేపూ తల తిప్పడు. అవతలి కొస చేరాక అటునుంచి అటే జీపెక్కి రోడ్డు మీద ఇంటికొస్తాడు.

ఆఫీసులో ఎదురు బల్ల, ఏటి నీటిమట్టం కొలిచే నీళ్ళ మేడమ్‌ది. ఆవిడ బాధ ఆవిడది. పొద్దస్తమానం వంతెన కింద కొలపరికరం ముందు కళ్ళల్లో వత్తులు వేసుకుని కూర్చుంటుంది. దాని కింద తడి తగిలిన పాపాన పోలేదు. తన జీవితమంతా ఎదురుచూసిన ఏరు ఎదురు బల్ల కింద గురకపెట్టి నిద్రపోతుంటే ఆవిడకు ఎలా ఉంటుంది!

"మీరు ఇంట్లో కూర్చోండి సార్. ఏరు మీ దగ్గరే ఉంటుంది. నేను వెళ్ళి ఆ మట్టి చూసొస్తాను" అని ఎన్నోసార్లు అడిగింది.

"చుక్కలు కొలిచేవాళ్ళకు అడుగులేం తెలుస్తాయి మేడమ్? పిల్లి అడుగు చూసి పులి అంటారు."

"ఏరు పక్కన పడుకున్నా దాని లోతెంతో తెలియని వాళ్ళున్నారు లెండి."

ఇలా ఉండగా ప్రధాన కార్యాలయం నుంచి ఫోనొచ్చింది. ఈ నెలాఖరులోగా నక్క అడుగు అచ్చు ఒక్కటైనా పంపకపోతే పరిశోధన మూసేస్తారట. డాక్టరు నగరానికి వెళ్ళి పెంపుడు కుక్కలకు లైసెన్సులు రాయాలట. ఆ మాట విన్నాక ఆయన మూడు పూటలు అన్నం ముట్టలేదు. అడవిలో గాలి వాసన పట్టి గుంపు ఎటుపోయిందో చెప్పగల మనిషి, రిబ్బను కట్టిన బొచ్చుకుక్కల ముందు స్టాంపు కొడుతూ ముసలివాడైపోవాలి!

నెల చివరి రోజు మధ్యాహ్నం, ప్లాస్టరు పొడి సంచి భుజానేసుకుని బయల్దేరాడు. కొలకర్ర పట్టుకుని నీళ్ళ మేడమ్ ఎదురొచ్చింది.

"వంతెన కింద కూర్చుని విసుగొచ్చింది సార్. ఇవాళ మీ వెనక నడిచి ఏటినే కొలుచుకుంటాను. అభ్యంతరమా?"

"నా వెనక ఎవరొస్తే నాకేం? ఇప్పటికే ఒకటి వస్తోంది."

నడిచాడు. మట్టి పరిచిన మొదటి చోట వంగాడు, ఏరు తుడిచేసింది. రెండో చోటా అంతే. ఆఖరి చోట పరిగెత్తాడు కూడా. ఆయన పరిగెడితే గాలి పక్కకు తప్పుకుంటుంది, కానీ ఏరు తప్పుకోలేదు. సన్నటి మట్టి మీద నీళ్ళు తాపీగా పాకిపోతుంటే సంచి నేలకేసి కొట్టి, బండ మీద కూలబడి, రెండు చేతులతో నెత్తి బాదుకున్నాడు.

చాలా వెనకనుంచి మేడమ్ కేక వినబడింది. "సార్! ఇక్కడ బురదలో కుక్కపిల్లలేవో నడిచాయి!"

"ఊరకుక్కలై ఉంటాయి. నన్ను వదిలేయండి!"

"ఊరకుక్కలు ఇలా దారం పట్టి గీసినట్టు ఒకే గీత మీద నడుస్తాయా? ముందుకాలి గుర్తులోనే వెనక్కాలు కూడా వేసి?"

నక్కల డాక్టరు బండ మీంచి దూకాడు. ఒట్టు గిట్టు గాలికి పోయాయి. వెనక్కి తిరిగాడు.

తను నడిచొచ్చిన దారంతా తడి బురద. అందులో తన బూటు గుర్తులు. వాటి పక్కపక్కనే, చిన్నచిన్నగా, శుభ్రంగా, గోళ్ళతో సహా, గుంటనక్కల అడుగులు. ఒకటి కాదు, ఓ సంసారం. ఇన్నేళ్ళూ ఆయన ముందు వెతుకుతుంటే అవి వెనకే వస్తూ నీళ్ళు తాగుతున్నాయి.

ఏట్లో దోసిలి ముంచి, ప్లాస్టరు కలిపి పోశాడు. అచ్చు అద్దంలా వచ్చింది. పరిశోధన నిలబడింది. కుక్కల లైసెన్సుల కుర్చీ ఇంకెవరికో పోయింది.

అయితే ఆయన కష్టం తీరిందనుకుంటే పొరపాటే. నక్కలు ఆయన వీపు కనబడితేనే వస్తాయి. మెడ కాస్త తిరిగిందా, మాయం. మేడమ్ మాత్రం ఎంత దగ్గరగా వచ్చినా వాటికి పట్టదు. అందుకని రోజూ సాయంత్రం ఆయన ముందు నడుస్తాడు, ఆయన వెనక ఏరు, ఏటి ఒడ్డున నక్కలు, వాటి వెనక కొలకర్రతో నీళ్ళ మేడమ్.

"వచ్చాయా?"

"వచ్చాయి. తిరక్కండి!"

"తోక చివర నల్లగా ఉందా?"

"ఏమో సార్, నీళ్ళలో పెట్టింది. పిల్లిలా ముద్దుగా ఉంది."

"పిల్లా! చెవులు చూడండి మేడమ్, చెవులు! లోపలి అంచు ఏ రంగు?"

"అబ్బ, అరవకండి. భయపడుతున్నాయి."

జీవితమంతా నక్కల కోసం ధారపోసిన మనిషికి ఏడుపొక్కటే తక్కువ. పళ్ళు పటపట కొరుకుతూ కొండ కేసి విసవిసా నడుస్తున్నాడు.

"సార్, పిల్లలున్నాయి వీటికి. ఈ నడకకి అందుకోలేక వెనకబడిపోతున్నాయి."

పళ్ళు కొరకడం మానలేదు గానీ, నక్కల డాక్టరు అడుగు కుదించాడు.